గళ్ళ వస్త్రానికి గౌరవం తెచ్చిన స్కాట్

ఏటా ఏప్రిల్ 16వ తేదీ సమీపించగానే స్కాట్లాండ్ ఉత్తరభాగంలోని కల్లోడన్ మైదానానికి జనం తరలివస్తారు. వారిలో అనేకులు గళ్ళ ఉన్నిబట్టతో కుట్టిన కిల్ట్ ధరించి ఉంటారు. అది వెనుకవైపు దట్టంగా కుచ్చెళ్ళు పోసి, మోకాళ్ళ వరకు వచ్చే వస్త్రం. నడుముకు ముందు తోలుసంచి వేలాడుతుంది. కొందరి భుజంమీద అదే గళ్ళ ఉత్తరీయం ఉంటుంది. 1746లో ఆ నేలమీద ఒరిగిపోయిన కొండసీమ యోధులను వారు ఆ వేషంతోనే స్మరిస్తారు. మహాకవి రాబర్ట్ బర్న్స్ జన్మదినమైన జనవరి 25న, దేశానికి రక్షకుడిగా భావించే సాధువు ఆండ్రూ పేరిట జరిగే నవంబరు 30 ఉత్సవంలోనూ ఈ దుస్తులే కనిపిస్తాయి. ఇంతటి మన్నన పొందిన ఈ వస్త్రాన్ని ధరించడం ఒకనాడు చెరసాలకు పంపదగిన నేరం. ఆ నేరం వేడుకగా మారిన కథలో ప్రధానపాత్ర సర్ వాల్టర్ స్కాట్‌ది. విచిత్రమేమంటే, ఆయన ఆ కొండసీమలో పుట్టినవాడు కాడు. కిల్ట్ ఆయన పూర్వుల దుస్తులూ కావు.

స్కాట్ 1771 ఆగస్టు 15న ఎడిన్‌బరో నగరంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. తల్లి ఆన్ రదర్‌ఫర్డ్ ఒక వైద్యాచార్యుని కుమార్తె. ఏడాదిన్నర వయస్సులో సోకిన వ్యాధి వల్ల బాలుని కుడికాలు చచ్చుబడింది. జీవితాంతం ఆయన కుంటుతూనే నడిచాడు. పల్లెగాలి మేలు చేస్తుందన్న ఆశతో తల్లిదండ్రులు అతనిని దక్షిణ సరిహద్దు ప్రాంతంలోని శాండీనో అనే ఊళ్ళో తాతగారి వ్యవసాయక్షేత్రానికి పంపారు. గొర్రెలమందల నడుమ, శిథిలమైన ఒక పాతకోట నీడలో, నాయనమ్మ, మేనత్త జేనెట్ చెప్పే కథలు వింటూ ఆ బాలుడు పెరిగాడు. కాలు లోపించిన పిల్లవాడికి చెవులే కాళ్ళయ్యాయనిపిస్తుంది.

ఆ కథలలో ఓడిపోయినవారి కథలే ఎక్కువ. పదవి కోల్పోయిన స్టూవర్ట్ రాజవంశం తిరిగి సింహాసనమెక్కేదాకా గడ్డం తీయనని శపథం పట్టిన ముత్తాత ఒకడు ఆ కుటుంబంలో ఉండేవాడు. జనం ఆయనకు గడ్డపాయన అన్న అర్థం వచ్చే పేరే స్థిరపరిచారు. ఆ వంశపు యువరాజు చార్లెస్ ఎడ్వర్డ్ 1745 ఆగస్టు 19న గ్లెన్‌ఫినన్ వద్ద జెండా ఎత్తినప్పుడు కొండసీమలోని పలు తెగలు ఆయన వెంట నడిచాయి. మరుసటి ఏడు కల్లోడన్‌లో వారి సేన గంటసేపైనా నిలువలేకపోయింది. విజేత డ్యూక్ ఆఫ్ కంబర్లాండ్ గాయపడినవారిని సైతం విడిచిపెట్టలేదు.

యుద్ధం ముగిసినా పగ చల్లారలేదు. కొండవారి ఆయుధాలతోపాటు వారి బట్టలను కూడా ప్రభుత్వం నిషేధించింది. 1747 ఆగస్టు 1 నుండి పురుషులు, బాలురు కిల్ట్ గాని, గళ్ళ ఉత్తరీయం గాని ధరించరాదన్నారు. మొదటిసారి పట్టుబడితే ఆరునెలల ఖైదు. రెండవసారి ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. సైన్యంలో చేరిన కొండవారికి మాత్రమే మినహాయింపు! అంటే రాజు కోసం చావడానికి సిద్ధపడినవాడే తన బట్ట తాను కట్టుకోవచ్చునన్నమాట. ముప్పైఐదు సంవత్సరాలు అమలులో ఉన్న ఈ శాసనం 1782లో రద్దయింది. అప్పటికి స్కాట్‌కు పదకొండో ఏడు. కానీ ఒక తరం మారింది. పాతనేత మరచినవారు, ప్యాంటుకు అలవాటుపడినవారు ఎందరో ఉన్నారు. శాసనం ఎత్తివేసినంత మాత్రాన వస్త్రం తిరిగి రాలేదు.

స్కాట్ న్యాయశాస్త్రం చదివి 1792లో న్యాయవాది అయ్యాడు. తండ్రి దగ్గరకు వ్యవహారాల నిమిత్తం వచ్చే స్టూవర్ట్ ఆఫ్ ఇన్వర్‌నాహైల్ అనే వృద్ధ వీరుడు ఆ పాత తిరుగుబాట్ల ముచ్చట్లు చెప్పగా ఆయన ఎంతో ఆసక్తితో విన్నాడు. 1797లో షార్లెట్ షార్పెంటియర్‌ను వివాహమాడాడు. సరిహద్దు పల్లెల్లో తిరిగి జానపదగేయాలు సేకరించి ప్రచురించాడు. ఆ పైన కథాకావ్యాలతో గొప్ప కీర్తి గడించాడు. 1814లో పేరు చెప్పకుండా వెలువరించిన ‘వేవర్లీ’ నవల 1745 నాటి తిరుగుబాటు కథే. మొదట అచ్చువేసిన వెయ్యి ప్రతులు కొద్ది వారాలలోనే అమ్ముడుపోయాయి. నిన్నటిదాకా దొంగలుగా, మోటువారుగా తలచిన కొండవారిని దక్షిణాది పాఠకులు ఆ నవలలో వీరులుగా చూశారు. చారిత్రక నవలకు మార్గదర్శిగా స్కాట్ పేరు ఖండాంతరాలకు ప్రాకింది. మన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారిని ఆంధ్రా స్కాట్ అని పిలుచుకోవడం ఆ కీర్తికి ఒక ఆనవాలు.

1822లో ఆయన జీవితంలో అన్నిటికంటె వింతైన ఘట్టం సంభవించింది. నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరోకు వస్తున్నాడన్న వార్త తెలిసింది. రాజ్యమేలే ప్రభువు స్కాట్లాండ్ నేలమీద అడుగుపెట్టి నూటడెబ్బై ఏళ్ళు దాటింది. ఉత్సవాలను నిర్వహించే భారం స్కాట్ మీద పడింది. వ్యవధి కొద్ది వారాలే. గార్త్ వాసి కల్నల్ డేవిడ్ స్టూవర్ట్ తోడ్పాటుతో ఆయన నగరమంతటికీ కొండసీమ రంగులు పూయించాడు. పౌరులు ఏ దుస్తులు ధరించాలో, ఎలా మెలగాలో తెలిపే చిన్నపుస్తకం పేరులేకుండా ప్రచురించాడు. తెగల నాయకులు తమ పరివారంతో రావాలని జాబులు వ్రాశాడు. ప్రత్యేకించి ఒక నాట్యసభకు సైనికదుస్తులలో లేనివారందరూ కొండసీమ వేషంతోనే రావాలన్నాడు. బానక్‌బర్న్‌లోని విల్సన్ నేతశాలకు గిరాకీ వెల్లువెత్తింది. తమ తెగకు ప్రత్యేకమైన గళ్ళు ఏవో తెలియని నాయకులు కూడా ఉన్నారు. అటువంటివారికి అంగడిలో దొరికిన నమూనాయే వంశపరంపరగా వచ్చినదైంది.

ఆగస్టు 14న వర్షంలో తడుస్తూ స్కాట్ రాజుగారి ఓడ ఎక్కాడు. రాజు తాగిన గాజుపాత్రను జ్ఞాపికగా కోరి పుచ్చుకొని, భద్రంగా కోటు జేబులో దాచుకున్నాడు. ఇంటికి చేరేసరికి క్రాబ్ అనే కవి అతిథిగా వచ్చి ఉన్నాడు. ఆ సంతోషంలో జేబు సంగతి మరచి కుర్చీలో కూర్చోగానే పాత్ర ముక్కలైంది! మరునాడు, అంటే స్కాట్ జన్మదినాన, రాజు తీరంలో అడుగుపెట్టాడు. ఆగస్టు 17న హోలీరూడ్ భవనంలో జరిగిన కొలువుకు రాజు స్టూవర్టుల ఎర్రగళ్ళ కిల్ట్ ధరించి వచ్చాడు. ఆ వేషానికైన ఖర్చు పదమూడువందల పౌండ్లు పైమాటే. స్థూలకాయుడైన ఆ ప్రభువు, పొట్టి కిల్ట్ కింద ఒంటిరంగు మేజోళ్ళు తొడిగి నిలబడగా చూసి వ్యంగ్యచిత్రకారులు పండుగ చేసుకున్నారు. అయితే అసలు విశేషం వేరే ఉంది. ఆ గళ్ళ వస్త్రాన్ని నెత్తుటిలో తడిపిన కంబర్లాండ్, ఈ రాజుగారి తాతకు స్వయాన తమ్ముడు.

ఆ సంబరాన్ని అందరూ మెచ్చలేదు. దేశజనాభాలో కొండవారు కొద్దిమందే అయినప్పుడు దేశమంతటికీ వారి వేషం తగిలించడం ఏమి న్యాయమని స్కాట్ అల్లుడు లాక్‌హార్ట్ వంటివారే నొచ్చుకున్నారు. అంతకంటె తీవ్రమైన ఆక్షేపణ మరొకటి ఉంది. ఆ సంవత్సరాలలోనే భూస్వాములు గొర్రెల పెంపకం కోసం కొండలోయలలోని కౌలురైతులను వెళ్ళగొడుతున్నారు. 1819లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్ళకు నిప్పుపెట్టించిన సదర్లాండ్ సంస్థానం నుంచే 1822 ఉత్సవానికి కిల్ట్ ధరించిన మనుషులు వచ్చారు. లోయలు ఖాళీ అవుతున్నాయన్న వేదన స్కాట్‌కు లేకపోలేదు. 1816లో ఒక వ్యాసంలో దానిని వెలిబుచ్చాడు కూడా. కాని ఆ కన్నీటిని ఆయన ఊరేగింపులోకి రానీయలేదు. ఆయన ప్రేమించినది గతాన్ని; వర్తమానంలోని పెద్దలను ఎదిరించడం ఆయన స్వభావం కాదు. ఈ లోపాన్ని దాచి ఆయనను కీర్తించడం సరికాదు. అట్లాగే, నిన్నటి అపరాధ చిహ్నాన్ని పాలకుడి చేతనే ధరింపజేయడం సామాన్యమైన పని అనడమూ సరికాదు.

1826లో ఆయన భాగస్వామిగా ఉన్న ముద్రణాలయం, దానితో ముడిపడిన ప్రచురణసంస్థ కూలిపోయాయి. లక్షా ఇరవైవేల పౌండ్లకు పైగా అప్పు నెత్తిన పడింది. దివాలా ప్రకటించి తప్పుకునే మార్గం ఉన్నా ఆయన అంగీకరించక, కలంతోనే తీర్చడానికి పూనుకున్నాడు. అదే ఏడు భార్య మరణించింది. నెపోలియన్ చరిత్రను తొమ్మిది సంపుటాలుగా వ్రాసి 1827లో వెలువరించాడు. మనుమడి కోసం స్కాట్లాండ్ చరిత్రను కథలుగా చెప్పాడు. పక్షవాతం పలుమార్లు క్రుంగదీసినా వ్రాత మానలేదు. 1832 సెప్టెంబరు 21న ట్వీడ్ నదీతీరంలో తాను కట్టించుకున్న ఆబట్స్‌ఫర్డ్ భవనంలో కన్నుమూశాడు. మిగిలిన బాకీని ఆయన గ్రంథాలే తీర్చివేశాయి.

ఎడిన్‌బరో నడిబొడ్డున 61 మీటర్ల ఎత్తైన స్మారక గోపురాన్ని 1846 ఆగస్టు 15న, ఆయన జయంతినాడే, ప్రారంభించారు. దాని నీడలో పాలరాతి స్కాట్ కూర్చుని ఉంటాడు. పక్కన పెంపుడుకుక్క మైడా. పండుగరోజులలో కిల్ట్‌లు ధరించిన జనం ఆ విగ్రహం ముందునుంచి సాగిపోతూ ఉంటారు. విగ్రహం ఒంటిమీద మాత్రం కిల్ట్ లేదు. శిల్పి స్టీల్ ఆయన భుజాలకు చుట్టింది, బాల్యంలో శాండీనో గొర్రెలకాపరులు కప్పుకొన్నటువంటి సాదా ఉత్తరీయం.