హంసకంఠపు కుప్పె
లూయీ పాశ్చరు జీవిత రేఖలు

కాచిన పాలకు గండం పొయ్యిమీద లేదు. దింపి చల్లార్చేటప్పుడే ఉన్నది. ఇల్లాలికి అనుభవంవల్ల తెలిసిన ఈ సంగతికి శాస్త్రకారణం కనుగొన్న మహనీయుడు లూయీ పాశ్చరు.

ఆయన 1822 డిసెంబరు 27న ఫ్రాన్సుదేశంలోని దోల్ పట్టణంలో, తోళ్ళు పదునుచేసే కుటుంబంలో జన్మించాడు. 1854లో లిల్ నగరంలో విజ్ఞానశాస్త్రశాఖకు అధిపతి అయినాడు. రెండేండ్లకు, బీటుదుంపలనుండి సారాయి తీసే వ్యాపారి ఒకడు, తన తొట్లు చెడిపోతున్నవని వచ్చి మొరపెట్టుకొన్నాడు. పాశ్చరు సూక్ష్మదర్శినితో ఆ తొట్లలోని రసాన్ని పరీక్షించాడు. పులియుట జీవకణాల పని అనీ, మంచి పులుపునకు ఒక జాతి, చెడుపునకు వేరొక జాతి కారణమనీ నిశ్చయించి, 1857నుండి ఆ సిద్ధాంతాన్ని ప్రకటించసాగాడు.

ఆ జీవులు తమంత తామే పుట్టుకొస్తాయని నాటి పండితులు కొందరు వాదించేవారు. పాశ్చరు ఒక గాజుకుప్పెలో రసం పోసి, దాని మెడను కాచి సన్నగా సాగదీసి, హంసకంఠంవలె వంచాడు. నోరు మాత్రం మూయలేదు. రసం మరిగినప్పుడు ఆవిరి లోపలి గాలిని వెళ్ళగొట్టింది. చల్లారేటప్పుడు ఆవిరి నీరై, లోపల వెలితి ఏర్పడి, బయటిగాలి లోనికి వచ్చింది. మొదట దూసుకువచ్చిన గాలిలోని క్రిములు సలసల కాగే రసం తగిలి నశించాయి. పిమ్మట మెల్లగా వచ్చిన గాలి తన ధూళిని తడిసిన వంపులలోనే విడిచింది. నెలలు గడచినా రసం చెడలేదు. మెడ విరిచిన కొద్దిదినాలకే చెడింది. దోషం గాలిది కాదు, గాలి మోసుకువచ్చే ధూళిది. రాప్తాడు మెట్టలలో వేసవి గాలిదుమారం చూచినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఊరగాయ జాడీకి వాసెనగుడ్డ కట్టే చేయి ఎరిగిన మర్మమూ ఇదే.

1870లో జర్మనులతో జరిగిన యుద్ధంలో ఫ్రాన్సు ఓడింది. ఆ పరాభవంతో కుమిలిన పాశ్చరు, జర్మనుల బీరును మించిన బీరును స్వదేశానికి ఇవ్వాలని 1871లో పూనుకొన్నాడు. ఆనాడు మరగించిన బార్లీరసాన్ని వెడల్పైన తెరచిన తొట్లలో చల్లార్చేవారు. గాలిలోని క్రిములన్నిటికీ అది సత్రమే. పాశ్చరు మూసిన పాత్రలో రసముంచి, వెలుపల చన్నీరు ప్రవహింపజేశాడు. అయితే చల్లారే పాత్ర గాలి పీల్చక మానదు. నోరు బిగించితే ఏ సందునుండో లాగుకొంటుంది. నీటి అడ్డు కడితే ఆ నీటినే మ్రింగుతుంది. అందుచేత గాలికి త్రోవ ఇచ్చి, ఆ త్రోవలో ధూళిని నిలిపివేయాలి. ఈ పరిశోధనలన్నీ 1876లో బీరును గూర్చిన గ్రంథంగా వెలువడినవి.

ఈ కృషి సుఖంగా సాగినది కాదు. ఐదుగురు బిడ్డలలో ముగ్గురు ఆడపిల్లలు చిన్నతనంలోనే పోయారు. 1868లో పక్షవాతం ఆయన ఎడమభాగాన్ని పడగొట్టింది. అయినా, రసాలకు రోగాలు తెచ్చే క్రిములుంటే మనుష్యులకు మాత్రం ఉండవా అన్న ప్రశ్న ఆయనను విడువలేదు. 1885 జులై 6న, పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలుడు జోసెఫ్ మైస్టరుకు తాను సాధించిన టీకా వేయించి బ్రతికించాడు. 1888లో పారిసులో ఆయన పేర పరిశోధనాలయం వెలసింది. 1895 సెప్టెంబరు 28న ఆయన కన్నుమూశాడు. 1907లో కూనూరులో నెలకొన్న పాశ్చరు సంస్థ, అప్పటి మదరాసు రాజధానిలోని మన జిల్లాలకు సైతం ఆ ఫలాన్ని అందించింది.

చెడిన సారాయితొట్టి వద్ద మొదలైన విచారణ పసివాని ప్రాణందాకా నడిచింది. అల్పవిషయమని పాశ్చరు దానిని తోసివేసి ఉంటే, ఆ బిడ్డకు దిక్కెవరు?