సూపర్‌మాన్ పాత్రధారి క్రిస్టఫర్ రీవ్

వేషం కట్టినంత మాత్రాన పాత్ర పట్టుబడదని నాటకాలాడిన వారందరికీ తెలుసు. అయినా కొన్ని పాత్రల విషయంలో లోకం ఈ సంగతి మరచిపోతూ ఉంటుంది. నీలిరంగు బిగుతు దుస్తులు, భుజాలనుండి వ్రేలాడే ఎర్రని వస్త్రం, రొమ్ముమీద ఒక అక్షరం ఉంటే చాలు, సూపర్‌మాన్ సిద్ధమైనట్లేననీ, లోపల ఎవరున్నా ఒకటేననీ అనుకొనేవారు నేటికీ లేకపోలేదు. ఆ అభిప్రాయం ఎంత పొరపాటో నాలుగు చిత్రాలలో నిరూపించిన నటుడు క్రిస్టఫర్ రీవ్.

అతడు 1952 సెప్టెంబరు 25న న్యూయార్కు నగరంలో జన్మించినాడు. తండ్రి ఫ్రాంక్లిన్ రీవ్ కవి, నవలాకారుడు, రష్యన్ సాహిత్యాన్ని బోధించిన ఆచార్యుడు. తల్లి బార్బరా పత్రికా రచయిత్రి. కుమారునికి నాలుగేండ్ల ప్రాయంలో ఆ దంపతులు విడిపోయినారు. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్‌స్టన్ పట్టణానికి చేరి, కొంతకాలానికి పునర్వివాహం చేసుకొన్నది. తొమ్మిదవ యేట రంగస్థలం ఎక్కినది మొదలు ఆ బాలునికి నాటకమే ధ్యాస అయినది. పదిహేనవ యేట విలియమ్స్‌టౌన్ నాటకోత్సవంలో శిక్షణార్థిగా చేరినాడు. తరువాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, 1973లో న్యూయార్కులోని జూలియార్డ్ విద్యాలయంలో ప్రవేశం సంపాదించినాడు. అక్కడ నాటకశాఖకు జాన్ హౌస్‌మన్ అధ్యక్షుడు. రీవ్‌తోపాటు ఆ యేడు ఉన్నతశిక్షణకు ఎన్నికైన మరొక విద్యార్థి రాబిన్ విలియమ్స్. ఒకడు నిదానస్తుడు, మరొకడు క్షణం కుదురుగా నిలువని హాస్యప్రియుడు. వారి స్నేహం కడదాకా చెడలేదు.

1976లో బ్రాడ్వే రంగస్థలంమీద మహానటి కాథరీన్ హెప్‌బర్న్‌కు మనుమడుగా నటించే అవకాశం అతనికి లభించినది. పగలు టెలివిజను ధారావాహికలో పాత్ర, రాత్రి నాటకం. అటువంటి రోజులలోనే సూపర్‌మాన్ కబురు వచ్చినది.

సూపర్‌మాన్ అనే అతిమానవుని 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు బొమ్మలకథగా సృష్టించినారు. నశించిపోతున్న పరలోకంనుండి తండ్రి ఒక శిశువును ఆకాశనౌకలో భూమికి పంపుతాడు. ఒక రైతుదంపతులు ఆ శిశువును పెంచుతారు. పెరిగి పెద్దవాడై క్లార్క్ కెంట్ అనే పేరుతో పత్రికా విలేకరిగా బ్రతుకుతూ, ఆపద వచ్చినప్పుడు నిజరూపంతో ఆదుకొంటూ ఉంటాడు. నందవ్రజంలో పెరిగిన బాలుని కథ విన్న మనకు ఇందులో వింత గోచరించదు. 1948లో కర్క్ ఆలిన్, 1952 నుండి 1958 వరకు టెలివిజనులో జార్జ్ రీవ్స్ ఈ పాత్ర ధరించినారు. రీవ్స్, రీవ్ అనే పేర్ల పోలిక కేవలం యాదృచ్ఛికం.

అలెగ్జాండర్ సాల్కిండ్, అతని కుమారుడు ఇలియా, ఈ కథను భారీ వ్యయంతో చిత్రంగా తీయ సంకల్పించి, ముందుగా పేరుమోసిన నటులను ఆశ్రయించినారు. తండ్రి పాత్రకు మార్లన్ బ్రాండో, ప్రతినాయకుడైన లెక్స్ లూథర్ పాత్రకు జీన్ హాక్‌మన్ ఒప్పుకొన్నారు. కథానాయకుడు మాత్రం దొరకలేదు. రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ వంటి ప్రముఖులు అంగీకరించలేదు. దర్శకుడు రిచర్డ్ డానర్ ఆలోచన వేరు. ఎరిగిన ముఖం ఆకాశంలో ఎగిరితే ప్రేక్షకుడు నటునే చూస్తాడు గాని సూపర్‌మాన్‌ను చూడడు. కనుక ఎవరూ ఎరుగనివాడే కావాలి. నటులను ఎంపికచేసే లిన్ స్టాల్‌మాస్టర్ రీవ్ ఛాయాచిత్రాన్ని ఎన్నోసార్లు నిర్మాతల ముందుంచినాడు. వారు ప్రతిసారీ దానిని ప్రక్కకు త్రోసినారు. వారి అభ్యంతరం ఒక్కటే: కుర్రవాడు మరీ సన్నం.

ఆ మాటలో అసత్యం లేదు. ఆరడుగుల నాలుగంగుళాల పొడగరి అయినా శరీరంలో కండ లేదు. 1977 ఆరంభంలో లండనులో జరిగిన పరీక్షలో నెగ్గిన తరువాత, దుస్తుల క్రింద కృత్రిమమైన కండలు అమర్చుదామని కొందరు సూచించగా రీవ్ నిరాకరించినాడు. డేవిడ్ ప్రౌస్ అనే వ్యాయామవేత్త వద్ద వారాల తరబడి కసరత్తు చేసి సుమారు 30 పౌనుల బరువు పెరిగినాడు. తనకు ఈ వేషం దొరికినదని తండ్రికి చెప్పినప్పుడు, ఆ ఆచార్యుడు బెర్నార్డ్ షా నాటకమైన మాన్ అండ్ సూపర్‌మాన్‌లో పాత్ర కాబోలునని పొంగిపోయినట్లు రీవ్ తరువాత చెప్పుకొన్నాడు. పండితులకు ఇటువంటి పొరపాట్లు సహజమే.

1978 డిసెంబరులో చిత్రం విడుదలైనది. తెరమీద పేర్ల వరుసలో బ్రాండో, హాక్‌మన్‌ల తరువాతనే కథానాయకుని పేరు. పారితోషికంలో వ్యత్యాసం చెప్పనక్కరలేదు. కొద్ది నిమిషాలు మాత్రమే కనబడిన బ్రాండోకు 37 లక్షల డాలర్లు, పైగా లాభంలో వాటా. రెండు చిత్రాలకు కలిపి రీవ్‌కు రెండున్నర లక్షలు. అయినా చూచినవారు ఇంటికి తీసుకొనిపోయిన ముఖం ఎవరిదో వేరే చెప్పాలా?

ఇక్కడ అతని నటనను కొంచెం నిలిచి పరిశీలించాలి. కళ్ళజోడు పెట్టుకొన్నంతలో సాటి విలేకరి లోయిస్ లేన్ కూడా అతనిని గుర్తింపలేకపోవడమేమిటని పిల్లలు సైతం ప్రశ్నిస్తారు. విరాటపర్వంలో బృహన్నలను ఉత్తరుడు గుర్తింపలేదు; అక్కడ మనకు ఆక్షేపణ లేదు. అర్జునునికైనా ఊర్వశి శాపం అజ్ఞాతవాసానికి అక్కరకు వచ్చినది. రీవ్‌కు అటువంటి సహాయమేదీ లేదు. ఉన్నది వెన్నెముక, కంఠస్వరం మాత్రమే. క్లార్క్ కెంట్‌గా ఉన్నంతసేపూ భుజాలు ముందుకు వంగి, పొట్ట కొంచెం జారి, గొంతు సన్నగిల్లి, తలుపులకు తగులుకొంటూ, ప్రతి మాటకూ క్షమాపణ చెప్పుకొంటూ తిరుగుతాడు. కారీ గ్రాంట్ 1938లో ధరించిన ఒక అయోమయపు శాస్త్రజ్ఞుని పాత్రను దీనికి మాతృకగా తీసుకొన్నాడు.

మొదటి చిత్రంలో ఒక ఘట్టమున్నది. లోయిస్ ఇంటిలో, ఆమె మరొక గదిలోనికి వెళ్ళిన సమయంలో క్లార్క్‌కు నిజం చెప్పివేయాలనిపిస్తుంది. కళ్ళజోడు తీస్తాడు. మెల్లగా వెన్ను నిటారవుతుంది, రొమ్ము విశాలమవుతుంది, గొంతు దిగి గంభీరమవుతుంది. దుస్తులు మారలేదు, దీపం మారలేదు; ఆ గదిలో మరొక మనిషి నిలిచి ఉంటాడు. ఆమె తిరిగి రాగానే ధైర్యం జారి, కళ్ళజోడు ముక్కుమీదికి వచ్చి, మళ్ళీ కుంచించుకొనిపోతాడు. ఆంగిక వాచికాల ప్రయోజనమేమిటో విద్యార్థులకు చెప్పదలచిన ఉపాధ్యాయునికి ఈ రెండు క్షణాలకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఎగిరే దృశ్యాలలోనూ అతని పాలు తక్కువది కాదు. తీగెలు, తెరలు, యంత్రాలు సాంకేతికులవి; చిత్రానికి ఆస్కారు ప్రత్యేక పురస్కారం తెచ్చినది వారే. రీవ్ నిజజీవితంలో విమానచోదకుడు. గాలిలో మలుపు తిరిగేటప్పుడు శరీరం ఏ ప్రక్కకు వ్రాలాలో ఎరిగినవాడు. కనుకనే తీగెలమీద వ్రేలాడుతున్న మనిషిగా గాక, గాలిని ఎరిగినవానిగా కనబడినాడు. ఆ చిత్రానికే అతనికి బ్రిటిషు అకాడమీ నూతననటుల పురస్కారం లభించినది.

నిర్మాతలతో పొసగక డానర్ తప్పుకోగా, రెండవ చిత్రాన్ని (1980) రిచర్డ్ లెస్టర్ పూర్తిచేసినాడు. ప్రేమకోసం శక్తులన్నీ వదలుకొన్న వీరుడు, దారిప్రక్క ఫలహారశాలలో ఒక మోటువాని చేత దెబ్బలు తిని, తన నెత్తురు తానే ఆశ్చర్యంగా చూచుకొంటాడు. లోయిస్‌గా మార్గోట్ కిడ్డర్, శత్రుసేనాని జాడ్‌గా టెరెన్స్ స్టాంప్ సమవుజ్జీలుగా నిలిచినారు. మూడవ చిత్రం (1983) హాస్యపుపాలు ఎక్కువై పలుచనైనది. అయినా చెడిన సూపర్‌మాన్, మంచి క్లార్క్ పాతసామానుల దిబ్బలో తలపడే ఘట్టం ఒక్కటి రీవ్ శక్తికి సాక్ష్యం. అణ్వస్త్ర నిర్మూలన ఇతివృత్తంగా వచ్చిన నాలుగవదానికి (1987) కథలో రీవ్ చేయి ఉన్నది. ఉద్దేశం మంచిదే. నిర్మాతలు వ్యయం కుదించినందున ఎగిరే దృశ్యాలే ఎగతాళి అయినవి. అది పరాజయమని అతడే ఒప్పుకొన్నాడు. ఈ సూపర్‌మాన్ ప్రభావం తెలుగుదేశానికీ సోకినది. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో అదే పేరుతో నందమూరి తారకరామారావు నటించిన చిత్రంలో కథానాయకునికి శక్తి ప్రసాదించినవాడు ఆంజనేయుడు.

పాత్ర తనను మ్రింగివేస్తుందేమోనన్న భయం రీవ్‌ను వదలలేదు. సమ్‌వేర్ ఇన్ టైమ్ (1980), డెత్‌ట్రాప్ (1982), ది బోస్టోనియన్స్ (1984), ది రిమెయిన్స్ ఆఫ్ ది డే (1993) వంటి చిత్రాలలో భిన్నమైన పాత్రలు ధరించినాడు, నాటకరంగాన్ని విడువలేదు. అయినా వీధిలో కనబడితే పిల్లలు పిలిచేది ఒకే పేరుతో. ఆ పేరును సార్థకం చేసుకొన్న సందర్భం ఒకటి. 1987లో చిలీ దేశంలో పినోచే నిరంకుశపాలనలో 77 మంది నటీనటులకు చంపుతామని బెదిరింపులు వచ్చినప్పుడు, రీవ్ సాంటియాగో నగరానికి వెళ్ళి వారి సరసన నిలిచినాడు. అక్కడ ఎర్రవస్త్రం లేదు, తుపాకి గుండు తగిలితే ప్రాణం పోయే శరీరం మాత్రమే.

1995 మే 27న వర్జీనియా రాష్ట్రంలోని కల్పెపర్‌లో గుర్రపు పోటీలో పాల్గొన్నాడు. మూడవ అడ్డును దాటవలసిన గుర్రం హఠాత్తుగా ఆగినది. రౌతు తలక్రిందులుగా పడినాడు. మెడలో మొదటి రెండు వెన్నుపూసలు విరిగి, మెడ క్రింది శరీరమంతా చచ్చుబడినది. శ్వాస సైతం యంత్రం అధీనమైనది. శస్త్రవైద్యులు తలను వెన్నెముకతో తిరిగి సంధించినారు. బ్రతికి ప్రయోజనమేమని అతడు తలచిన సమయంలో భార్య డానా నిలబెట్టినది. నిర్ణయం నీదేననీ, ఏది నిర్ణయించినా తాను వెంటనుంటాననీ, నీవు ఇంకా నీవేననీ ఆమె చెప్పిన మాటలే తరువాత అతని ఆత్మకథకు శీర్షిక ఇచ్చినవి. రాబిన్ విలియమ్స్ రష్యన్ వైద్యుని వేషంలో, ఆ ఉచ్చారణతో ఆసుపత్రి గదిలో జొరబడి మిత్రుని నవ్వించినాడు. ప్రమాదం తరువాత తాను మొదటిసారి నవ్వినది అప్పుడేనని రీవ్ వ్రాసుకొన్నాడు.

శరీరమే సాధనమైన నటునికి ముఖం, మాట మిగిలినవి. ఆ మాట కూడ శ్వాసయంత్రం ఊపిరి విడిచే వ్యవధిలోనే పలకాలి. అయినా 1997లో ఇన్ ది గ్లోమింగ్ అనే టెలివిజను చిత్రానికి దర్శకత్వం వహించినాడు. 1998లో రియర్ విండో కథను తన స్థితికి అనువుగా మార్పించి నటించినాడు. కళ్ళ కదలికతో, మాటల నడుమ నిలుపుతో భయాన్ని పలికించిన ఆ నటనకు తోటినటుల సంఘం పురస్కారం ఇచ్చినది. సాత్త్వికాభినయమంటే అదే. సూపర్‌మాన్‌గా అతనిని మెచ్చినవారిలో చాలామంది ఈ చిత్రం చూడలేదు.

వెన్నెముక గాయాల చికిత్సకై పరిశోధనలను ప్రోత్సహించడానికి అతడు ఊరూరా తిరిగి ప్రసంగించి నిధులు కూడగట్టినాడు, మూలకణ పరిశోధనను సమర్థించినాడు. దీనికి విమర్శలు లేకపోలేదు. 2000లో ఒక ప్రకటనలో అతడు లేచి నడచినట్లు యంత్రసహాయంతో చూపినప్పుడు, అది వికలాంగులకు లేనిపోని ఆశ కల్పిస్తుందని ఆక్షేపించినారు. నయం కావడమే ధ్యేయమంటే, నయం కాని లక్షలమంది నేటి బ్రతుకు మాటేమిటని అడిగినవారూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఎన్నటికీ కదలవన్న వ్రేళ్ళలో ఒకటి ఐదేండ్ల సాధన తరువాత కదలినప్పుడు, ఆశ వదలుకొమ్మని అతనితో ఎవరనగలరు?

2004 అక్టోబరు 10న, 52వ యేట, న్యూయార్కు రాష్ట్రంలోని మౌంట్ కిస్కో వద్ద ఆసుపత్రిలో అతడు కన్నుమూసినాడు. 2006 మార్చిలో డానా కాన్సరు వ్యాధితో మరణించినది. ఆ యేడు విడుదలైన సూపర్‌మాన్ రిటర్న్స్ చిత్రాన్ని వారిద్దరికీ అంకితమిచ్చినారు. తండ్రి పోయేనాటికి పన్నెండేండ్ల వాడైన కుమారుడు విల్ పెరిగి పెద్దవాడై టెలివిజను విలేకరి అయినాడు. 2025లో వచ్చిన సూపర్‌మాన్ చిత్రంలో అతడు కొన్ని క్షణాలు కనబడతాడు. ఎర్రవస్త్రంతో కాదు; వార్త చెప్పే విలేకరిగా.