కె.ఎల్.రావు గారు – నీళ్ల లెక్క

గొప్పవారి జీవితం రాయమంటే అందరూ గాంధీగారిని, అల్లూరిగారిని రాసేశారు. నేను డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి గురించి రాస్తున్నాను. మేము యానాదులం, మా గుడిసెలు దివిసీమలో కాలవ శివారున ఉన్నాయి. పైవాళ్లందరికీ అందాకే మాకు నీళ్లు. కాలవ కట్టేస్తే నాన్నకు చేపలుండవు.

రావు గారు 1902లో విజయవాడ దగ్గర కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు మానలేదు. మద్రాసులో ఇంజనీరింగు చదివి, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు తెచ్చుకున్నారు. నాగార్జునసాగర్ డ్యామ్ రూపకల్పనలో ఆయనే ముఖ్యులు. విజయవాడ నుంచి మూడుసార్లు ఎంపీ అయ్యారు, కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా చేశారు.

డ్యామ్ కడితే పని అయిపోయింది అనుకున్నాను. కాదంట. అసలు చిక్కు అప్పుడే మొదలు. ఈ నెల ఎంత వదలాలి, ఎంత దాచాలి? నారుమడులకే అంతా వదిలేస్తే కంకి పట్టే వేళకు ఉండవు. మరీ దాచుకుంటే పైనుంచి వరద వచ్చినప్పుడు గేట్లెత్తి సముద్రానికి వదలాల్సిందే. మనకు నెలకిచ్చే సబ్బు కూడా ఇంతే కదా! మొదటి వారమే అరగదీస్తే చివర్లో పక్కమంచం వాళ్లని అడగాలి. కాకపోతే సబ్బు మళ్లీ ఎప్పుడిస్తారో మనకు తెలుసు, వాన చెప్పిరాదు.

దీనికి లెక్క ఉందని మా లెక్కల టీచర్ చెప్పారు. 1950లలో అమెరికాలో రిచర్డ్ బెల్‌మన్ అనే ఆయన దానికి డైనమిక్ ప్రోగ్రామింగ్ అని పేరు పెట్టారు. చివరి నెల నుంచి వెనక్కి రావాలి. ఆఖర్న ఇంత మిగిలితే ఎంత పంట, అంత మిగలాలంటే ముందు నెల ఎంత వదలాలి, ఇలా ఈ నెల దాకా. పాత ఏళ్ల వానలు చూసి, పడే అవకాశం ఎంతో కూడా కలుపుతారు. నెల గడిచాక డ్యామ్‌లో ఉన్నది చూసి, దాన్ని బట్టి ఆ నెలది వదులుతారు. నాకు రెండుసార్లు చెప్తేగానీ ఎక్కలేదు.

మన ప్రకాశం బ్యారేజీలో సుమారు 3 టి.ఎం.సి.లే ఆగుతాయి. ఒక టి.ఎం.సి. అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. డెల్టాకు అది ఏ మూలకి? దానికీ సాగర్‌కూ మధ్య పులిచింతల కట్టారు, 45 టి.ఎం.సి.లు పడతాయి. అందులో ఉంటేనే కదా ఎప్పుడు వదలాలో ఆలోచించేది. రావు గారు 1986లో చనిపోయారు, అది చూడలేదు. 2013లో ప్రారంభమైన ఆ ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు.

ఆదివారం నాన్న వస్తే ఈ లెక్క చెప్పాలి. నాన్నకు చదువు రాదు. కానీ కాలవలో నీటి రంగు చూసి పైన లాకు ఎత్తారో లేదో చెప్పేస్తాడు.

– 9వ తరగతి