పుట్టుకకు అందని పరుగు

జెస్సీ ఓవెన్స్ 1913లో అమెరికాలోని అలబామాలో నిరుపేద కౌలురైతు ఇంట పుట్టారు. బడి అయ్యాక చెప్పులు బాగుచేసే దుకాణంలో పని ఉండేది. అందుకే కోచ్ చార్లెస్ రైలీ బడికి ముందే పరుగు నేర్పారు. నల్లవాడని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ హాస్టల్లో చోటివ్వలేదు.

ఆ వేగం జాతి లక్షణమని కొందరన్నారు. 1936లో నల్లజాతి శాస్త్రవేత్త మాంటేగ్ కాబ్ ఆయన కాళ్లు కొలిచి, నల్లవారికి ప్రత్యేకమని చెప్పే పిక్క, మడమ తీరు ఆయనకు లేవని చూపారు. అదే ఏడాది బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఓవెన్స్ 4 స్వర్ణాలు గెలిచారు. 1980లో కన్నుమూశారు.

ఏసీటీఎన్3 జన్యువుకూ పరుగు వేగానికీ సంబంధముందని 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. అయినా ఏ ఒక్క జన్యువూ విజేతను తయారుచేయదు. పుట్టుకను బట్టి తెలివిని అంచనా వేసే మాటలు హాస్టల్ పిల్లలం మనమూ విన్నాం. వాటికి ఓవెన్స్ జీవితమే మన జవాబు.