మరణకారణము అడిగిన మనుష్యుడు



మన గ్రామములలో ఎవరైనను అనుమానాస్పదముగా చనిపోయినయెడల పోలీసువారు వచ్చి, పెద్దమనుష్యులను కూర్చుండబెట్టి శవపంచాయితీ జరిపించుట మనమెరుగుదుము. ఇంగ్లాండులో అట్టి విచారణ జరుపు అధికారికి కరోనరు అని పేరు. ఆ పదవిని దిక్కులేనివారి పక్షముగా వాడిన థామస్ వేక్లీ గారి జీవితమును ఈ నెల తలపోయుదము.

ఆయన 1795లో డెవన్ ప్రాంతమందలి మెంబరీ గ్రామములో ఒక రైతు ఇంట, పదకొండుమంది బిడ్డలలో కడపటివాడుగా పుట్టెను. లండనులో వైద్యము నేర్చెను. 1820లో దుండగులు ఆయనను పొడిచి ఇల్లు తగులబెట్టిరి. అయినను ఆయన క్రుంగిపోలేదు. 1823లో లాన్సెట్ అను వైద్యపత్రికను స్థాపించి, ఆసుపత్రులలోని అక్రమములను బయటపెట్టెను. 1835లో పార్లమెంటు సభ్యుడాయెను.

ఆ దినములలో కరోనర్లు ఎక్కువగా న్యాయవాదులే. చట్టము తెలిసినను దేహము తెలియనివాడు మరణకారణమును ఎట్లు కనుగొనగలడని వేక్లీ వాదించెను. 1830లో ఆ పదవికి పోటీచేసి ఓడిపోయెను. 1839లో పశ్చిమ మిడిల్‌సెక్సు కరోనరుగా ఎన్నికాయెను. పేదల ఆశ్రమములలోను చెరసాలలలోను చనిపోయినవారిని విచారణ లేక పాతిపెట్టుటను ఆయన సహింపలేదు.

1846 జూన్‌లో హౌన్‌స్లో అను చోట ఫ్రెడరిక్ వైట్ అను సిపాయి, త్రాగిన మైకములో తన సార్జంటును ఇనుపకడ్డీతో కొట్టెను. అందుకు 150 కొరడా దెబ్బలు శిక్ష. జూలై 11న అతడు చనిపోయెను. దెబ్బలకును చావునకును సంబంధము లేదని సైన్యపు వైద్యులు వ్రాసియిచ్చిరి. అయితే హెస్టన్ సంఘకాపరి ఆ కాగితము చూచి ఊరకుండలేదు. భూస్థాపన చేయక కరోనరునకు కబురంపెను. వేక్లీ శవమును మరల పరీక్షింపజేసెను. సైన్యాధికారులకు వెరువక జ్యూరీవారు, కొరడా దెబ్బలవలననే అతడు చనిపోయెనని తీర్పిచ్చి, అట్టి చట్టమును తీసివేయుటకు ప్రజలందరు పూనుకొనవలెనని వేడుకొనిరి. ఆ సంవత్సరమే దెబ్బలు 50కి మించరాదని ఆజ్ఞ వెలువడెను. 1881లో సైన్యమందు ఆ శిక్ష రద్దాయెను. వేక్లీ ఆ దినమును చూడలేదు. 1862లో మదీరా ద్వీపమున మరణించెను.

ప్రియులారా, వేక్లీ గారి ధైర్యము గొప్పదే. గాని ఆ కాపరి గోతియొద్ద ఆగి అడుగకపోయినయెడల ఆయన చేయగలిగినదేమి? మనలోను కోడలు బావిలో జారిపడెననియో, పాలేరును పురుగు ముట్టెననియో చెప్పి, ప్రొద్దు గూకకముందే మట్టిచేయుమని తొందరపెట్టువారు కలరు. నేనును పెద్దల మాటకు తలయూచి, అడుగవలసిన మాట అడుగక ప్రార్థన ముగించి ఇంటికి వచ్చిన దినము కలదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హేబెలు చనిపోయిన తరువాత దేవుడు మొదట చేసినది అతడెక్కడనని అతని అన్నను అడుగుటయే. ఆదికాండము నాలుగవ అధ్యాయమును ఈ వారము ఇంటింట చదువుకొనుడి. చనిపోయినవాడు మాటలాడలేడు గనుక, అతని పక్షముగా అడుగు బాధ్యత బ్రదికియున్న మనదే.