వర్తకుల దగ్గర నేర్చుకున్న జడ్జి

లా చదివేవాళ్లకి ఇన్సూరెన్స్, కాంట్రాక్ట్స్ పేపర్లలో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. పరీక్ష కోసం కేసు పేరు, సంవత్సరం బట్టీ పట్టి వదిలేస్తాం. బీమా క్లెయిమ్ తిరస్కరణలు, బ్యాంకు పత్రాల తగాదాలు, సరుకు నష్టపోతే ఎవరు భరించాలన్న గొడవలు.. ఇవాళ కార్పొరేట్ లాయర్ టేబుల్ మీదకొచ్చే ఇలాంటి ఎన్నో వివాదాలకు దారి వేసిన మనిషి ఆయన.

అసలు పేరు విలియం ముర్రే. 1705లో స్కాట్లాండ్‌లోని స్కోన్‌లో పుట్టారు. పేరుకి ప్రభువుల కుటుంబం. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. పైగా ఆ ఇంటివాళ్లు గద్దె దిగిపోయిన స్టూవర్ట్ రాజుల పక్షం. లండన్‌లో పైకి రావాలనుకునే కుర్రాడికి అది పెద్ద అడ్డంకే. 13 ఏళ్ల వయసులో చదువు కోసం లండన్‌ వెస్ట్‌మినిస్టర్ స్కూలుకి వచ్చేశారు. అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్. లా చదవడానికి డబ్బుల్లేకపోతే లార్డ్ ఫోలీ అనే ధనికుడు ఏటా 200 పౌండ్లు ఇచ్చి ఆదుకున్నారు.

1730లో లాయరయ్యారు గానీ, మొదట్లో కేసుల్లేవు. ఆ ఖాళీ టైమ్‌లో అద్దం ముందు నిలబడి వాదన ప్రాక్టీస్ చేసేవారని, దగ్గరుండి సలహాలిచ్చింది ప్రసిద్ధ కవి అలెగ్జాండర్ పోప్ అని చెబుతారు. మాక్ ట్రయల్‌కి అంత పెద్ద కోచ్ మనకెవరికీ దొరకడు. తర్వాత పేరు వచ్చింది, పదవులూ వచ్చాయి. 1742లో సొలిసిటర్ జనరల్, 1754లో అటార్నీ జనరల్, 1756లో కింగ్స్ బెంచ్ కోర్టు చీఫ్ జస్టిస్. ఆ కుర్చీలో 32 ఏళ్లు ఉన్నారు.

అప్పటికి లండన్ ప్రపంచ వ్యాపారానికి పెద్ద కూడలి. లాయిడ్స్ కాఫీ హౌస్‌లో కూర్చుని ఓడలకు బీమా రాసేవాళ్లు. చట్టం మాత్రం పొలాలు, వారసత్వాల దగ్గరే ఆగిపోయింది. వ్యాపార తగాదా వస్తే జడ్జి సాక్ష్యమంతా జ్యూరీ ముందు పెట్టి, తేల్చమని వదిలేసేవారు. ఈ కేసులో ఒకలా, రేపు అలాంటిదే ఇంకో కేసులో ఇంకోలా. దేన్ని నమ్ముకుని ఒప్పందం రాసుకోవాలో వర్తకుడికి తెలిసేది కాదు.

మాన్స్‌ఫీల్డ్ చేసిన పని సింపుల్‌గానే కనిపిస్తుంది. లండన్ గిల్డ్‌హాల్‌లో జరిగే వ్యాపార కేసులకు అనుభవమున్న వర్తకుల్నే జ్యూరీగా వేసుకున్నారు. పదేపదే అదే మనుషులు వచ్చేవారు. వాళ్లతో కలిసి భోంచేసేవారు, హుండీ ఎలా చేతులు మారుతుందో, పాలసీలో ఏ మాటకు మార్కెట్లో ఏ అర్థముందో అడిగి తెలుసుకునేవారు. ఆ వాడుకను తీర్పులో ఒక సూత్రంగా రాసిపెట్టేవారు. చీఫ్ జస్టిస్ హోదాలో ఉండి ఇలా అడిగి నేర్చుకోవడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

1758లో ఒక కేసు. పోస్టులో పంపిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటుని దొంగలు కొట్టేశారు. అది చేతులు మారి ఒక సత్రం యజమానికి చేరింది. ఆయన ఏమీ తెలియకుండా, విలువ ఇచ్చి తీసుకున్నాడు. నోటు ఎవరిది? సత్రం యజమానిదేనన్నారు మాన్స్‌ఫీల్డ్. లేకపోతే ఏ నోటునూ ఎవరూ ధైర్యంగా తీసుకోలేరు. మన 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 'హోల్డర్ ఇన్ డ్యూ కోర్స్' చదివినవాళ్లకి ఈ వాసన తెలుస్తుంది.

ఇంకా ముఖ్యమైంది 1766 నాటి కార్టర్ వర్సెస్ బోమ్. సుమత్రా దీవిలో ఈస్టిండియా కంపెనీకి ఫోర్ట్ మార్ల్‌బరో అనే కోట ఉంది. శత్రుదేశం కోటను పట్టుకుంటే నష్టం ఇవ్వాలని అక్కడి గవర్నర్ కార్టర్ తరఫున లండన్‌లో ఏడాదికి బీమా తీసుకున్నారు. 1760లో ఫ్రెంచివాళ్లు వచ్చి కోట పట్టేశారు. డబ్బులడిగితే, పాలసీ రాసిన బోమ్ అడ్డం తిరిగాడు. కోట బలహీనంగా ఉందనీ, ఫ్రెంచివాళ్లు రావొచ్చనీ తెలిసి కూడా చెప్పలేదన్నది ఆయన వాదన.

ఇవాళ క్లెయిమ్ తిరస్కరిస్తూ వచ్చే లెటర్లలోనూ చాలాసార్లు ఇదే మాట ఉంటుంది. వివరాలు దాచారు కాబట్టి డబ్బులివ్వం, అంతే.

తనకొక్కడికే తెలిసిన కీలక విషయాన్ని పాలసీ తీసుకునేవాడు దాచకూడదని మాన్స్‌ఫీల్డ్ ఒప్పుకున్నారు. అయితే ఆ నిజాయతీ రెండువైపులా ఉండాలన్నారు. ఓడ క్షేమంగా చేరిందని ముందే తెలిసి కూడా ప్రీమియం పుచ్చుకున్న బీమాదారుడిదీ మోసమే. ఇక సుమత్రా కోట సంగతి.. అది వ్యాపార స్థావరమని, యూరప్ సైన్యాన్ని ఆపడానికి కట్టింది కాదని అందరికీ తెలిసిందే. యుద్ధం ఎటు పోతుందో సుమత్రాలో ఉన్నవాడి కంటే లండన్‌లో ఉన్నవాడే బాగా అంచనా వేయగలడు. అడగాల్సింది అడక్కుండా ప్రీమియం తీసుకుని, నష్టం వచ్చాక మాట మారిస్తే కుదరదు. కార్టర్ గెలిచాడు.

'అట్‌మోస్ట్ గుడ్ ఫెయిత్' అని మనం చదివే సూత్రానికి మూలం ఈ తీర్పే. మన 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలో అది ఉంది. ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 45 అయితే 2015 సవరణ తర్వాత, మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదంటోంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది. క్లెయిమ్ వివాదం ఫైలు చేతికొచ్చిన జూనియర్ ముందు తెరవాల్సింది ప్రపోజల్ ఫారం. ఏం అడిగారు, ఏం రాశారు, అడగనిది ఎవరికి తెలుసు? కార్టర్ కేసులో తేల్చిందీ దాదాపు ఇవే.

ఆయన జీవితంలో చదవడానికి ఇబ్బంది పడే పేజీ కూడా ఉంది. 1781లో జాంగ్ అనే ఓడ నుంచి 130 మందికి పైగా ఆఫ్రికన్ బానిసల్ని సముద్రంలోకి తోసేశారు. నీళ్లు సరిపోక తప్పలేదంటూ, ఓడ యజమానులు మనిషికి 30 పౌండ్ల చొప్పున బీమా అడిగారు. అవును, సరుకు నష్టం కింద. 1783 మార్చిలో జ్యూరీ యజమానులకే డబ్బివ్వమంది. బీమాదారులు మళ్లీ కోర్టుకెళ్లారు. వాన కురిశాక కూడా కొందర్ని తోశారని బయటపడటంతో, మాన్స్‌ఫీల్డ్, మరో ఇద్దరు జడ్జిలు మళ్లీ విచారణ జరపాలన్నారు. ఆ విచారణ జరిగినట్టు రికార్డు లేదు. హత్య కేసు ఎవరి మీదా నడవలేదు. అంత గొప్ప బీమా చట్టం ముందుకు ఆ చావులు వచ్చింది క్లెయిముగానే.

అదే మాన్స్‌ఫీల్డ్ 1772లో సోమర్‌సెట్ కేసులో, బానిసను బలవంతంగా ఇంగ్లండ్ నుంచి బయటికి తరలించడానికి చట్టం ఒప్పుకోదని తీర్పిచ్చారు. ఆయన ఇంట్లోనే డైడో ఎలిజబెత్ బెల్ పెరిగింది. మేనల్లుడికి ఒక నల్లజాతి బానిస స్త్రీ వల్ల పుట్టిన అమ్మాయి.

1780లో అల్లరి మూకలు లండన్‌లోని ఆయన ఇంటిని, లైబ్రరీని తగలబెట్టాయి. 1788లో పదవి వదిలి, 1793 మార్చిలో కన్నుమూశారు. చట్టం ఏది చెప్పిందో, ఏది చెప్పలేదో ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు ఆ దేశంలో తక్కువ. వీలునామాలో డైడోకి ఏటా 100 పౌండ్లు రాశారు. ఆమె స్వేచ్ఛగల మనిషి అని కూడా అందులో విడిగా రాయించారు.