ఆయుధము లేక శత్రువు నొద్దకు వెళ్లినవాడు
అస్సీసీ ఫ్రాన్సిస్ జీవిత చరిత్ర

చదువవలసిన వేదభాగములు: 2 రాజులు 6:8–23, మత్తయి 5:43–48, 1 పేతురు 3:13–17



మన పల్లెలలో సువార్త కూటములు జరుగునప్పుడు గోడపత్రికలమీద క్రూసేడు అను మాటను పెద్ద అక్షరములతో అచ్చువేయించుట అలవాటైనది. ఆ మాట వినగానే మనకు పందిరి, పాటలు, ప్రసంగము జ్ఞాపకమునకు వచ్చును. కాని మన యింటి ప్రక్కన కాపురమున్న ముసల్మాను సహోదరునికి అదే మాట మరియొక సంగతిని జ్ఞాపకము చేయును. ఆ మాటకు మొదటి అర్థము సిలువ యుద్ధము. అంగీమీద సిలువ గుర్తు కుట్టించుకొని, చేత కత్తి పట్టుకొని, యేసు నామమున మనుష్యులను చంపుటకు బయలుదేరిన సైన్యముల పేరది. ఆ యుద్ధముల నడుమ చేత కత్తి లేక శత్రువు నొద్దకు వెళ్లిన ఒక క్రైస్తవుని చరిత్రను ఈ నెల మీ ముందుంచుచున్నాము. మన సంఘములలో పరిశుద్ధులకు మ్రొక్కు ఆచారము లేదు. అయినను మనకు ముందుగా నడచిన వారి విశ్వాసమును తలంచుకొనుమని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయము మనకు నేర్పుచున్నది గదా.

సిలువ యుద్ధములు ఎట్లు వచ్చెను?

1095వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములోని క్లెర్మాంటు పట్టణములో పోపు రెండవ అర్బను యెరూషలేమును ముసల్మానుల చేతిలోనుండి విడిపింపవలెనని పిలుపునిచ్చెను. వేలాది జనులు బయలుదేరిరి. మరుసటి సంవత్సరమే వారిలో కొన్ని గుంపులు దారిలోనున్న రైను నదీతీర పట్టణములలో యూదులను ఊచకోత కోసిరి. 1099 జూలై 15న సైన్యము యెరూషలేమును పట్టుకొని, అక్కడి ముసల్మానులను, యూదులను విస్తారముగా వధించెను. ప్రభువు సిలువ వేయబడిన పట్టణములోనే ఆయన సిలువ గుర్తు ధరించినవారు ఈ పని చేసిరి. 1187లో సలాదీను అను సుల్తాను ఆ పట్టణమును తిరిగి తీసికొనెను. 1204లో నాల్గవ సిలువ యుద్ధమునకు బయలుదేరినవారు దారి తప్పి, క్రైస్తవ పట్టణమైన కాన్‌స్టాంటినోపులునే దోచుకొనిరి. కత్తికి ఒకసారి పని చెప్పినయెడల అది ఎవరిని నరుకునో చెప్పుట కష్టము.

బట్టల వ్యాపారి కుమారుడు

ఇటలీ దేశములోని అస్సీసీ అను చిన్న పట్టణములో 1181వ లేక 1182వ సంవత్సరమున ఫ్రాన్సిస్ పుట్టెను. తండ్రి పియెత్రో బెర్నార్దోనె ధనికుడైన బట్టల వ్యాపారి. కుమారునికి డబ్బునకు కొదువ లేదు. స్నేహితులతో విందులు, పాటలు, మంచి వస్త్రములు, ఇదే అతని దినచర్య. అతని మనసులోని కోరిక ఒక్కటే: గొప్ప యోధుడు కావలెను.

1202లో అస్సీసీకిని పొరుగు పట్టణమైన పెరూజియాకును జరిగిన యుద్ధములో అతడు పాల్గొని, ఓడిపోయి, సుమారు ఒక సంవత్సరము చెరసాలలో నుండెను. విడుదలయైన తరువాత జబ్బుపడెను. అయినను ఆశ చావలేదు. 1205లో మరల గుఱ్ఱము, కవచము సిద్ధము చేసికొని దక్షిణ ఇటలీలోని యుద్ధమునకు బయలుదేరెను. స్పొలెతో అను ఊరివరకు వెళ్లి, అక్కడనుండి వెనుకకు తిరిగి వచ్చెను. సేవింపవలసినది దాసుని కాదు, యజమానునే అను తలంపు దేవుడు అతనికి పుట్టించెనని అతని చరిత్రకారులు వ్రాసిరి.

ఆ దినములలో అతడు అందరికంటె ఎక్కువగా అసహ్యించుకొన్నవారు కుష్ఠరోగులు. వారిని దూరమునుండి చూచినను ముక్కు మూసికొని ప్రక్కకు పోవువాడు. ఒకనాడు దారిలో ఎదురైన రోగియొద్ద గుఱ్ఱము దిగి, అతనికి డబ్బిచ్చి, అతని ముద్దుపెట్టుకొనెను. దేవుడే తన్ను కుష్ఠరోగుల మధ్యకు నడిపించెననియు, అంతవరకు చేదుగా నున్నది ఆ దినమునుండి తీపిగా మారెననియు తన మరణకాలమున అతడు వ్రాయించెను. ఈ సంగతిని మనము గుర్తుంచుకొనవలెను. సుల్తాను గుడారమునకు పోవు దారి అతనికి ఇక్కడనే మొదలైనది. దగ్గరనున్న అసహ్యమును జయింపనివాడు దూరముననున్న శత్రువును ప్రేమింపజాలడు.

1206లో తండ్రి కోపించి అతనిని బిషప్పు నొద్దకు ఈడ్చుకొని వెళ్లెను. ఫ్రాన్సిస్ తన డబ్బును, ఒంటిమీది వస్త్రములను సహితము విప్పి తండ్రికి అప్పగించి, ఇకమీదట పరలోకమందున్న తండ్రినే తండ్రి యని పిలుతునని చెప్పెను. అప్పటినుండి ముతక అంగీ, నడుమునకు త్రాడు. కూలి దొరికిన దినమున కూలి, లేనినాడు భిక్షము. 1209లో అతనికిని అతనితో చేరిన కొద్దిమంది సహోదరులకును సువార్త ప్రకటించుటకు పోపు మూడవ ఇన్నోసెంటు అనుమతి ఇచ్చెను. వారు ఏ ఇంటిలో ప్రవేశించినను ముందుగా సమాధానము పలుకుచుండిరి.

దమియెత్తా యుద్ధభూమి

ముసల్మానులకు క్రీస్తును ప్రకటింపవలెనను ఆశ అతనికి చాల కాలమునుండి ఉండెను. 1212లో సిరియాకు ఓడ ఎక్కగా తుపాను అడ్డగించెను. తరువాత మొరాకోకు పోవుటకై స్పెయిను దారి పట్టగా జబ్బు వెనుకకు మళ్లించెను. మూడవ మారు, 1219లో, ఈజిప్టు చేరెను.

అప్పుడు అయిదవ సిలువ యుద్ధము జరుగుచుండెను. నైలు నది ముఖద్వారముననున్న దమియెత్తా పట్టణమును క్రైస్తవ సైన్యములు 1218నుండి ముట్టడించియుండెను. పోపు ప్రతినిధియైన కార్డినల్ పెలాజియస్ వారి నాయకులలో ముఖ్యుడు. ఎదుట సలాదీను తమ్ముని కుమారుడైన సుల్తాను మాలిక్ అల్ కామిల్ సైన్యము. 1219 ఆగస్టు 29న క్రైస్తవ సైన్యము సుల్తాను పాళెముమీదికి వెళ్లి ఘోరముగా ఓడిపోయెను. ఆ యుద్ధమునకు పోవద్దని ఫ్రాన్సిస్ ముందుగానే హెచ్చరించెననియు, సైనికులు అతనిని ఎగతాళి చేసిరనియు చెలానో ఊరి తోమాసు వ్రాసిన జీవిత చరిత్ర చెప్పుచున్నది.

ఆ తరువాత కొద్ది కాలమునకే ఫ్రాన్సిస్ ఇల్లుమినాతో అను ఒక సహోదరుని వెంటబెట్టుకొని శత్రు పాళెమునకు నడిచెను. కార్డినలునకు ఇది ఇష్టము లేకపోయెను. పోయినవాడు బ్రదికి వచ్చుననుకొన్నవారు ఎవరును లేరు. కావలివారు వారిని పట్టుకొనిరి. తాము క్రైస్తవులమనియు, తమ్మును సుల్తాను నొద్దకు తీసికొని పొమ్మనియు వారు కోరిరి.

అక్కడ ఏమి జరిగెనో ఆ కాలమున ఆ ప్రాంతముననే యున్న అక్కా పట్టణపు బిషప్పు జాక్ ద విత్రీ వ్రాసియుంచెను. సుల్తాను ఫ్రాన్సిసును చూచి మెత్తబడెననియు, కొన్ని దినములు అతడు చెప్పిన క్రీస్తు సువార్తను శ్రద్ధగా వినెననియు, దేవునికి ఇష్టమైన మార్గమును తనకు చూపునట్లు ప్రార్థింపుమని అడిగి, గౌరవముతో, క్షేమముగా తిరిగి పంపించెననియు ఆయన సాక్ష్యము. ఫ్రాన్సిస్ అగ్నిలో నడచి తన మతము నిజమని ఋజువు చేసెదనని పందెము వేసెనను కథ నలుబది సంవత్సరముల తరువాత బొనవెంతూరా వ్రాసిన చరిత్రలో కనబడుచున్నది. చిత్రకారులు దానినే ఎక్కువగా చిత్రించిరి. దగ్గరనున్న బిషప్పు మాత్రము అగ్ని సంగతి చెప్పలేదు. సమరయుల గ్రామముమీద ఆకాశమునుండి అగ్ని రప్పింపుమా అని అడిగిన శిష్యులను ప్రభువు గద్దించిన సంగతి (లూకా 9:51–56) మనము మరువరాదు. సుల్తానును మెత్తబరచినది పందెము కాదు. ఆయుధము లేక వచ్చిన ఒక పేదవాని ధైర్యమును, మర్యాదయును.

సుల్తాను క్రైస్తవుడు కాలేదు; 1238లో చనిపోవువరకు ముసల్మానుగానే యుండెను. ఫ్రాన్సిస్ తన విశ్వాసమును దాచలేదు, సడలించలేదు. వాదమున ఎవరును గెలువలేదు, ఎవరును ఓడలేదు. అయినను ఒకరి నొకరు మనుష్యులుగా చూచిరి.

తరువాత జరిగిన సంగతులు

దమియెత్తాను విడిచి పోయినయెడల యెరూషలేమును ఇచ్చెదనని సుల్తాను చెప్పగా, పెలాజియస్ ఒప్పుకొనలేదు. 1219 నవంబరు 5న సైన్యము పట్టణములో ప్రవేశించినప్పుడు అక్కడి జనులలో బహుమంది ఆకలిచేతను తెగుళ్లచేతను చచ్చియుండిరి. 1221లో ఆ సైన్యమే కైరోమీదికి నడువగా, నైలు వరద పొంగెను. సుల్తాను మనుష్యులు కాలువ గట్లు తెగగొట్టిరి. సైన్యము బురదలో చిక్కుకొని లొంగిపోయెను. అప్పుడు అల్ కామిల్ ఆకలితోనున్న ఆ సైన్యమునకు అన్నము పెట్టించెను. ఆ సైన్యములోనే యున్న ఒలివర్ అను క్రైస్తవ గురువు కృతజ్ఞతతో ఈ సంగతి వ్రాసెను. ఎలీషా షోమ్రోనులో చిక్కిన అరామీయులకు విందు చేయించి పంపిన దినము మనకు జ్ఞాపకము రాదా? శత్రువు ఆకలిగొనినయెడల భోజనము పెట్టవలెనని రోమా 12లో మనము చదువుచున్నాము. ఆ దినమున ఆ పని చేసినవాడు ముసల్మాను. ఇది మనకు సిగ్గును, పాఠమును కూడ.

1229లో ఇదే సుల్తాను చక్రవర్తి రెండవ ఫ్రెడరికుతో పది సంవత్సరముల ఒడంబడిక చేసికొని, యెరూషలేమును, బేత్లెహేమును, నజరేతును రక్తము చిందింపకుండ అప్పగించెను. కత్తితో రానిది మాటతో వచ్చెను. 1244లో ఆ పట్టణము మరల చేజారెను. 1291లో అక్కా పడిపోవుటతో ఆ దేశమున సిలువ సైన్యముల పరిపాలన ముగిసెను. దాదాపు రెండు వందల సంవత్సరముల యుద్ధమునకు మిగిలినదేమి? మూడు మతములవారి సమాధులు, తూర్పు సంఘమునకును పడమటి సంఘమునకును నడుమ మానని గాయము, ముసల్మాను హృదయములో సిలువయనగా భయము. ఈజిప్టులో అపొస్తలుల కాలము తరువాత త్వరలోనే పుట్టిన సంఘమువారు, ఈ యుద్ధములను కోరనివారు, అధిక పన్నులను, అనుమానమును మోయవలసివచ్చెను. దూరదేశపు క్రైస్తవులు కత్తి దూసినప్పుడు పొరుగున బ్రదుకు చిన్న సంఘమే వెల చెల్లించును.

ఫ్రాన్సిస్ ఇటలీకి తిరిగివచ్చి, 1221లో తన సహోదరులకు ఒక క్రమము వ్రాసెను. ముసల్మానుల మధ్యకు పోవువారు జగడములాడక, వాదింపక, దేవుని నిమిత్తము అందరికిని లోబడి, తాము క్రైస్తవులమని ఒప్పుకొనుచు జీవింపవలెననియు, దేవునికి ఇష్టమని తోచినప్పుడు వాక్యమును ప్రకటింపవలెననియు దాని సారాంశము. గంటలు మ్రోగిన ప్రతి గడియ జనులందరు దేవుని స్తుతింపవలెనని కూడ అతడు ఉత్తరములు వ్రాసెను. ఈజిప్టులో వినిన నమాజు పిలుపే ఈ తలంపు పుట్టించెనని కొందరు చరిత్రకారులు తలంచుచున్నారు. కండ్ల జబ్బుచే దాదాపు గ్రుడ్డివాడై, 1226 అక్టోబరు 3వ తేదీ సాయంకాలమున, వట్టి నేలమీద పండుకొని, ప్రభువునందు నిద్రించెను.

మన సంగతి

ప్రియులారా, మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో సిలువ యుద్ధములు జరుగలేదు. ముసల్మాను ప్రభువైన నిజాము రాజ్యములోనే మన పెద్దలు సువార్త వినిరి. ఆ రాజ్యములోనే మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. నేటికిని గోదావరిఖని బొగ్గుగనులలో మనవారును ముసల్మానులును ఒకే షిఫ్టులో దిగుచున్నారు. జగిత్యాల ప్రాంతమున మన ఆడవారును వారి ఆడవారును బీడీలు చుట్టి బ్రదుకుచున్నారు. వారు రంజాను పండుగకు సేమ్యా పంపుదురు. మనము క్రిస్మసుకు అప్పాలు పంపుదుము. ఇది దేవుడిచ్చిన మేలు. దీనిని పోగొట్టుకొనుట ఒక్క పూట పని. తిరిగి సంపాదించుట తరముల పని.

1999 జూలై 15న, యెరూషలేము పట్టబడి సరిగా 900 సంవత్సరములైన దినమున, పడమటి దేశముల క్రైస్తవులు కొందరు సిలువ సైన్యముల దారివెంట నడచి ఆ పట్టణమునకు చేరి, యూదులను, ముసల్మానులను, తూర్పు క్రైస్తవులను క్షమాపణ వేడుకొనిరి. అంత దూరము నడుచుట మనకు అవసరము లేదు. మన వాడకట్టులో నాలుగడుగులు నడచిన చాలును. కూటములకు క్రూసేడు అను పేరు పెట్టుట మానుదుము. సువార్త కూటమనుటలో మనకు తక్కువయేమి? సెల్‌ఫోనులో వచ్చిన ద్వేషపు మాటను మరియొకరికి పంపకుందుము. మన ప్రభువును గూర్చి అడిగినవానికి సాత్వికముతోను గౌరవముతోను చెప్పుదుము. దాచి పెట్టవద్దు, దెబ్బలాడవద్దు.

ప్రభువు పేతురును కత్తి వరలో పెట్టుమని ఆజ్ఞాపించెను. ప్రధానయాజకుని దాసుని తెగిన చెవిని బాగుచేసెను. సంఘము అనేక చెవులను తెగనరికెను. వాటిని స్వస్థపరచు పని ఇప్పుడు మన చేతికి వచ్చియున్నది.

ప్రార్థన: సమాధానకర్తవైన ప్రభువా, నీ సిలువను ఆయుధముగా మార్చిన మా పితరుల పాపమును క్షమించుము. మా పొరుగువారి యిండ్లకు సమాధానముతో పోవు పాదములను మాకు దయచేయుము. ఆమేన్.

కూటములలో ఆలోచించుటకు:
1. ఎలీషా శత్రువులకు విందు చేయించిన తరువాత దేశమునకు కలిగిన మేలు ఏమి?
2. మన గ్రామములో మనము దూరముగా నుంచిన యిల్లు ఏది? ఈ నెలలో అక్కడికి ఎవరు వెళ్లుదురు?
3. వాదింపకయే సాక్ష్యమిచ్చుట ఎట్లు?